కొట్టివేత హక్కు

మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు దగ్గరపడితే రచ్చబండ మీద మొట్టమొదట వినపడే మాట ఏకగ్రీవం. గ్రీవం అంటే మెడ అని హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పినప్పటి నుంచి ఆ మాట వింటే నాకు నవ్వాగదు. ఊరంతటికీ కలిపి ఒకటే మెడ. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. ఏకగ్రీవమైన ఊరికి సర్కారు నజరానా కూడా ఉంటుంది. మెడ ఒకటే కాబట్టి దండ ఖర్చు కలిసొస్తుందని కాబోలు.

దేశం మొత్తానికి ఒకే మెడ పెట్టి యాభై ఏళ్ళు ఎన్నికలు జరిపినవాళ్ళు సోవియట్ వాళ్ళు. మనకీ వాళ్ళకీ ఒక తేడా ఉంది. మన దగ్గర పోటీలో ఒక్కడే మిగిలితే పోలింగు ఉండదు, ఎన్నికల అధికారి ధ్రువపత్రం చేతిలో పెట్టి పంపేస్తాడు. వాళ్ళు అంత తేలిగ్గా వదిలేవారు కాదు. నిలబడింది ఒక్కడైనా బ్యాలెట్ అచ్చు వేయాల్సిందే, జనం రావాల్సిందే. కదల్లేని ముసలివాళ్ళ ఇంటికి పెట్టెనే పంపేవారు. బయట దుకాణాల్లో దొరకని తినుబండారాలు ఆ రోజు పోలింగు కేంద్రంలో అమ్మేవారు. వాటికోసం పెందలాడే వచ్చి ఓటేసేవాళ్ళకి కొదవ లేదు. పొద్దుగూకేసరికి నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోలింగు.

బ్యాలెట్ మీద ఒకటే పేరు. ఆయన ఇష్టమైతే ఓటరు చేయాల్సింది ఏమీ లేదు, కాగితం మడిచి పెట్టెలో వేయడమే. ఇష్టం లేకపోతే ఆ పేరుకి అడ్డంగా గీత గీసి కొట్టేయాలి. మనం ఓటు గుద్దుతాం, నచ్చినవాడి గుర్తు మీద. వాళ్ళు నచ్చనివాణ్ణి కొట్టేస్తారు. సగానికి మించిన కాగితాలు గీత పడకుండా బయటికొస్తేనే గెలుపు. అంటే, కాగితం మీద రాసుకున్న చట్టం ప్రకారం, ఒంటరిగా నిలబడ్డవాణ్ణి కూడా జనం ఓడించవచ్చు. ఇంత పదునైన హక్కు మనకి లేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని నోటా అయితే వచ్చింది గానీ, శాసనసభకైనా లోక్‌సభకైనా నోటాకి ఎన్ని లక్షలు పడ్డా మిగిలినవాళ్ళలో ఎక్కువ తెచ్చుకున్నవాడిదే కుర్చీ.

చిక్కల్లా ఆ గీత గీసే చోటులో ఉంది. గీయాలంటే తెరచాటు గదిలోకి వెళ్ళాలి. ఊరికే మడిచి వేయడానికి వెళ్ళనక్కర్లేదు. నలుగురూ చూస్తుండగా ఒక మనిషి ఆ గది వైపు నాలుగడుగులు వేశాడంటే ఎందుకు వేశాడో చెప్పాల్సిన పనిలేదు. రహస్యంగా ఓటేయమని కట్టిన గదే మనిషి గుట్టు బయటపెట్టేది. పెన్సిలు ఎప్పుడూ అక్కడే ఉంది. దాని దాకా వెళ్ళే ఆ నాలుగడుగుల దారే లేదు.

అసలు కొట్టివేత ఆ రాజ్యానికి కొత్త విద్యేమీ కాదు, పెన్సిలు పైవాళ్ళ చేతిలో ఉండేది, అంతే. కాలవగట్టు మీద స్టాలిన్ పక్కన నిలబడి ఫోటో దిగిన రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ని కాల్చేశాక ఆ ఫోటోలో అతనున్న చోట నీళ్ళు మిగిలాయి. అంతకంటే ముచ్చటైనది యెజోవ్ తర్వాత అదే కుర్చీ ఎక్కిన బేరియా సంగతి. 1953 చివర అతన్నీ కాల్చేశారు. తర్వాత పెద్ద సోవియట్ విజ్ఞాన సర్వస్వం చందాదారులకి కొన్ని పేజీలు పోస్టులో వచ్చాయి. అయిదో సంపుటంలో ఫలానా పేజీలు కత్తెరతోనో బ్లేడుతోనో కోసి తీసేసి, వాటి స్థానంలో వీటిని అతికించుకోమని సూచన. కొత్త పేజీల నిండా బేరింగ్ సముద్రం. అక్షర క్రమంలో బేరియాకి పక్కిల్లు బేరింగే మరి. ఒక మనిషిని ముంచడానికి ఏకంగా ఒక సముద్రాన్ని పంపించారు. లక్షణంగా చదువుకున్న పెద్దమనుషులు భోజనాల బల్ల మీద ఆ పుస్తకం తెరిచి, బ్లేడు పట్టుకుని, జాగ్రత్తగా కోస్తున్న దృశ్యం నా కళ్ళకి కడుతూ ఉంటుంది. పిల్లలు పక్కన నిలబడి ఏం చేస్తున్నావు నాన్నా అని అడిగితే ఏం చెప్పి ఉంటారో!

మా పెదనాన్నకి పార్టీ కార్డు లేదు, సానుభూతి మాత్రం దండిగా ఉండేది. ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది. ఆయన చదివేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, చదివాక అది మా పుస్తకాలకి అట్టలు. అంత నున్నటి కాగితం మా ఊళ్ళో ఇంకెక్కడా ఉండేది కాదు. నా లెక్కల పుస్తకం మీద గోధుమ చేలో కోత యంత్రం, దాని మీంచి నవ్వుతున్న డ్రైవరు, సరిగ్గా ఆయన పళ్ళ మీద నా పేరూ క్లాసూ రాసిన లేబులు. ఆ పత్రికలో విసుగ్గా ఉన్న మనిషి ఒక్కడు కూడా కనపడకపోవడం గురించి నాకు అప్పట్లో అనుమానం రాలేదు. పెదనాన్నకి వచ్చిందో లేదో నేను అడగలేదు. ఎనభైల చివరికొచ్చేసరికి మాత్రం ఆయన పత్రిక చదవడానికి ఎక్కువ రోజులు పట్టడం, మాకు అట్టలు ఆలస్యం కావడం గుర్తుంది.

బ్రెజ్నేవ్ 1982 నవంబరులో పోయాడు, ఆంద్రొపోవ్ 1984 ఫిబ్రవరిలో, చెర్నెంకో 1985 మార్చిలో. రెండున్నరేళ్ళు నిండకుండా ఎర్ర చౌరస్తాలో మూడు అంత్యక్రియలు. ఈసారి పొలిట్‌బ్యూరో 54 ఏళ్ళ మిఖాయిల్ గోర్బచేవ్‌ని ఎంచుకుంది. ఏకగ్రీవంగానే.

మొదట్లో ఆయన సంస్కరణలూ పాత వాసనే వేశాయి. 1985 మేలో మద్యం మీద పడ్డాడు. దుకాణాలు తగ్గించారు, ద్రాక్షతోటలు నరికారు. కొన్నాళ్ళకి పంచదార మాయమైంది, జనం ఇళ్ళలోనే కాచుకోవడం మొదలెట్టారు కాబట్టి. నల్లబెల్లం ఎందుకు అమ్ముడవుతుందో తెలిసిన మనవాళ్ళకి ఇదేమంత వింత కాదు. మంచినీళ్ళు తాగమంటున్న జనరల్ సెక్రటరీకి అక్కడి జనం మినరల్ సెక్రటరీ అని పేరు పెట్టారు. మా ఊరి గ్రంథాలయంలో పేపరు చదివే బృందం ఇంకో అడుగు ముందుకేసింది: గ్లాసు వద్దన్నవాడు మళ్ళీ గ్లాస్‌నోస్త్ అంటాడేమిటీ అని.

గ్లాస్‌నోస్త్‌కి మన పత్రికలు బహిరంగత అని రాసేవి. తప్పు కాదు గానీ, రష్యన్‌లో ఆ మాట వేరు గొంతు దగ్గర ఉంది. మెడ బయటికి కనపడేది, గొంతు దాని లోపల ఉండేది. ఒకే మెడ మీద బతికిన దేశంలో ఒకడు వచ్చి, లోపల గొంతు కూడా ఉంది కదా, వాడండి అన్నాడు.

ఆ గొంతు పెగలడానికి కొంత సమయం పట్టింది, ఆయనకి కూడా. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ పేలితే, దేశానికి 28 రాత్రి వార్తల్లో రెండు మూడు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. గోర్బచేవ్ టీవీ ముందుకు వచ్చింది మే 14న. పద్దెనిమిది రోజులు! గాలికి సెన్సారు లేదు కాబట్టి అది ముందే స్వీడన్ దాకా వెళ్ళి సాక్ష్యం చెప్పేసింది.

ఆ ఏడాదే డిసెంబరులో, గోర్కీ నగరంలో ఒక ఫ్లాటుకి పనివాళ్ళు వచ్చి టెలిఫోను బిగించి వెళ్ళారు, అదీ రాత్రిపూట, ఇంట్లోవాళ్ళు దరఖాస్తు పెట్టకుండానే. 1980 జనవరి నుంచి ఆ ఊళ్ళో నిర్బంధంలో ఉన్న ఆంద్రేయ్ సఖరోవ్ ఇల్లది. సోవియట్ హైడ్రోజన్ బాంబు వెనకున్న బుర్రల్లో ఒకటి ఆయనది, తర్వాత మనిషి హక్కుల గురించి మాట్లాడి పాలకులకి కంట్లో నలుసయ్యాడు. మర్నాడు ఫోను మోగింది. అవతల గోర్బచేవ్. మాస్కో తిరిగి రావచ్చని చెప్పాడు. సఖరోవ్ కృతజ్ఞత చెప్పాడు. చెప్పిన నోటితోనే, అంతకు వారం ముందు జైల్లో చనిపోయిన మిత్రుడు మార్చెన్కో సంగతి ఎత్తాడు, ఇంకా లోపల ఉన్నవాళ్ళ సంగతేమిటని అడిగాడు. ఫోను పెట్టించినవాడు ఇంత త్వరగా ఎదురు ప్రశ్న వస్తుందని అనుకుని ఉండడు. గొంతుకి దారిస్తే వచ్చే చిక్కే అది. థాంక్స్ దగ్గర ఆగదు.

1988లో ఆ దేశపు బడుల్లో చరిత్ర పరీక్షలు రద్దు చేశారు. పాఠ్యపుస్తకాల్లో ఉన్నది అబద్ధమని తేలిపోయాక పిల్లల్ని దాని మీద పరీక్షించడం ఎలాగని. ఈ వార్త చదివి, మా మాస్టారు ఎందుకు రద్దు చేయరని మా తమ్ముడు బాధపడ్డాడు.

నన్నడిగితే ఈ సంస్కరణలన్నిటిలోకీ గొప్పది 1988 డిసెంబరులో చేసిన ఎన్నికల చట్టంలో దాక్కుంది. 2,250 మంది ప్రజాప్రతినిధుల కాంగ్రెసు, అందులో 1,500 సీట్లకి జనం ఓటేస్తారు, 750 సంస్థలకి, అందులో కమ్యూనిస్టు పార్టీకి 100. ఇవన్నీ లెక్కలు. నేను చెబుతున్నది ఒక మామూలు నియమం గురించి: పోలింగు కేంద్రంలో ఓటరు ఎవరైనా సరే, ఆ చాటు గది గుండానే పెట్టె దగ్గరికి రావాలి. అంతే! ప్రతివాడూ గదిలోకి వెళ్ళి వస్తున్నప్పుడు లోపల ఎవడు గీత గీశాడో ఎవడు గీయలేదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? నాలుగడుగుల దూరం చెరిగిపోయింది. రాకెట్లు తగ్గించుకున్న ఒప్పందాల గురించి బోలెడు పుస్తకాలొచ్చాయి. ఆ గది దారి సరిచేసిన గుమాస్తా ఎవరో గానీ, ఆయనకి ఎవరూ దండ వేయలేదు.

1989 మార్చి 26, ఆదివారం. లెనిన్‌గ్రాడ్‌లో పార్టీ ప్రాంతీయ మొదటి కార్యదర్శి యూరీ సొలొవ్యోవ్ ఒక్కడే నిలబడ్డాడు. ఆయన పొలిట్‌బ్యూరోలో అభ్యర్థి సభ్యుడు కూడా. ఎదురు ఎవరూ లేరు. ఓడిపోయాడు.

ఆ వార్త మన పేపర్లలో వచ్చిన రోజు పెదనాన్న అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాడు.

"ఎవరి చేతిలో ఓడాడ్రా?"

"ఎవరి చేతిలోనూ కాదు పెదనాన్నా. ఒక్కడే నిలబడ్డాడు."

"ఒక్కడే నిలబడితే ఓడిపోవడం ఏంటి? అచ్చు తప్పు పడుంటుంది."

కొట్టివేత సంగతి వివరించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఆ దేశం గురించి మాకు చెప్పిన కబుర్లలో ఈ పెన్సిలు ఎప్పుడూ రాలేదు, ఆయనకీ తెలిసినట్టు లేదు. అదే ఏడాది నవంబరులో మన ముఖ్యమంత్రి ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయినప్పుడు ఇంతలా నివ్వెరపోలేదు. అక్కడ ఎదురుగా ఇంకో మనిషున్నాడు కాబట్టి లెక్క సరిపోయింది.

లెనిన్‌గ్రాడ్ నగర పార్టీ కార్యదర్శి కూడా పోయాడు, 28 ఏళ్ళ ఇంజినీరు బోల్దిరెవ్ చేతిలో. దేశం మొత్తం మీద ముప్పైమందికి పైగా ప్రాంతీయ కార్యదర్శులకి అదే గతి. మాస్కోలో యెల్‌త్సిన్‌కి నూటికి తొంభై దగ్గర పడ్డాయి. ఏడాదిన్నర క్రితం గోర్బచేవ్ మనుషులు నగర పార్టీ కుర్చీలోంచి దింపేసినవాడతను. పైవాళ్ళు కొట్టేసిన పేరుని కిందివాళ్ళు అచ్చేశారు. సైన్సు అకాడమీ కథ ఇంకా బాగుంటుంది. పెద్దలు సఖరోవ్‌ని పక్కనబెట్టి 20 సీట్లకి 23 పేర్లు ఇచ్చారు. ఓటేసిన శాస్త్రవేత్తలు వరసగా గీతలు గీసుకుంటూ పోయారు. సగం ఓట్లు దాటినవాళ్ళు ఎనిమిదిమందే. మిగిలిన సీట్లకి మళ్ళీ ఓటింగు పెట్టక తప్పలేదు, ఈసారి జాబితాలో సఖరోవ్ ఉన్నాడు, గెలిచాడు. తన పేరు రాయించుకోవడానికి ముందు ఇతరుల పేర్లు కొట్టించుకున్న అభ్యర్థి ఇంకెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు.

మరి ఇంత చేసినవాడు తాను ఎక్కడ నిలబడ్డాడు? పార్టీకి కేటాయించిన 100 సీట్లలో. 100 సీట్లకి సరిగ్గా 100 పేర్లు. ఓటేసేది కేంద్ర కమిటీ. ఎర్ర వంద అని జనం ఎగతాళి చేశారు. అక్కడ కూడా పెన్సిళ్ళు ఊరుకోలేదు. సంస్కరణల వేగం నచ్చని పొలిట్‌బ్యూరో సభ్యుడు లిగచేవ్ పేరు 78 మంది కొట్టేశారు, గోర్బచేవ్ పేరు 12 మంది. ఆ పన్నెండుమంది ఎవరై ఉంటారా అని ఆయన ఒక్క రాత్రయినా ఆలోచించే ఉంటాడు.

మే 25న కాంగ్రెసు మొదలైంది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కార్ఖానాల్లో పని పడకేసింది, వీధుల్లో జనం రేడియోలు చెవికి ఆనించుకుని నడిచారు. మొదటి రోజే లాత్వియా నుంచి వచ్చిన ఒక వైద్యుడు వేదికెక్కి, ఏప్రిల్‌లో జార్జియా రాజధాని త్బిలిసీలో సైన్యం చేతిలో చనిపోయినవాళ్ళ కోసం లేచి నిలబడదాం అన్నాడు. సభంతా లేచింది. గోర్బచేవ్ కూడా లేచాడు, లేవకపోతే కోట్లమంది చూస్తున్నారు కదా. చివరి రోజు సఖరోవ్ మాట్లాడుతూనే ఉంటే, గంట కొట్టీ కొట్టీ ఆఖరికి మైకు కట్టేయించాడు. ఫోను పెట్టించిన చేతితోనే మైకు తీయించాడు. నాకు ఆయన మీద కోపం రాదు, జాలి వేస్తుంది. నిజానికి ఆ రెండు పనులూ చేసినవాడు ఒకే మనిషి కావడమే ఆ ఆరేళ్ళ కథ. ఆ డిసెంబరులో సఖరోవ్ చనిపోయాడు.

ఆ మధ్యలో జూలైలో సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గు గనులు సమ్మెకి దిగాయి. కోర్కెల్లో ఒకటి సబ్బు. షిఫ్టు దిగి పైకొచ్చిన మనిషికి ఒళ్ళు రుద్దుకోవడానికి సబ్బు దొరకని కార్మిక రాజ్యం! సింగరేణి మనుషులు ఎవరైనా ఈ మాట విని నమ్మారో లేదో. గొంతు వచ్చింది, గీత వచ్చింది, దుకాణంలోకి సరుకు రాలేదు. సరుకు సంగతి ఆయనకి చివరిదాకా అంతుపట్టలేదు. 1991 జనవరి 22 రాత్రి టీవీలో 50, 100 రూబుళ్ళ నోట్లు ఇక చెల్లవని, మూడు రోజుల్లో మార్చుకోవాలని ప్రకటించారు. 2016 నవంబరు 8 రాత్రి టీవీ ముందున్నవాళ్ళకి దీని మీద వ్యాఖ్యానం అనవసరం.

1990 మార్చిలో ఒకే పార్టీ పెత్తనాన్ని రాసిపెట్టిన రాజ్యాంగం ఆరో అధికరణాన్ని కొట్టేశారు. మర్నాడే గోర్బచేవ్ దేశాధ్యక్షుడయ్యాడు. జనం ఓటుతో కాదు, ఈ ఒక్కసారికీ కాంగ్రెసు ఎన్నుకుంటుందని మినహాయింపు పెట్టించుకుని. అనుకూలం 1,329, వ్యతిరేకం 495. జనంలోకి వెళ్ళి ఉంటే అప్పుడు గెలిచేవాడని నా నమ్మకం. దేశంలో ఇంకా ఆయనకి మర్యాద మిగిలే ఉంది. వెళ్ళలేదు. 1991 మార్చిలో యూనియన్ ఉండాలా వద్దా అని ప్రజాభిప్రాయం అడిగాడు, ఆరు రిపబ్లిక్కులు దూరంగా ఉన్నా ఓటేసినవాళ్ళలో నూటికి 76 మంది ఉండాలన్నారు. కానీ అది ప్రశ్న మీద ఓటు, పేరు మీద కాదు. పేరు మీద ఓటు జూన్ 12న రష్యాలో యెల్‌త్సిన్ తెచ్చుకున్నాడు, 57 శాతం. ఆగస్టు 19న పాతకాపులు కుట్ర చేసి గోర్బచేవ్‌ని క్రిమియాలోని ఫోరోస్ విడిదిలో బంధించి ట్యాంకులు దింపితే, ఒక ట్యాంకెక్కి నిలబడగలిగినవాడు అందుకే యెల్‌త్సిన్ అయ్యాడు.

ఆ రోజు మన ప్రధాని పి.వి. నరసింహారావు, మితిమీరిన తొందరతో మార్పు తేవాలనుకునేవాళ్ళకి ఇదొక హెచ్చరిక అన్న ధోరణిలో మాట్లాడి మాటపడ్డారు. మూడో రోజుకే కుట్ర చీదేసింది. తమాషా ఏమిటంటే, ఆయన సొంత సంస్కరణల బడ్జెట్ వచ్చి అప్పటికి నెల కూడా తిరగలేదు. తొందర గురించి ఆయన భయం తన కోసమే అయ్యుండాలి. అయినా ఒక పని మాత్రం తప్పించుకోలేదు. ప్రధాని అయ్యేనాటికి ఆయన ఎంపీ కాదు, నవంబరులో నంద్యాలలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. అయిదు లక్షలకు పైగా ఆధిక్యం వచ్చింది. కాస్త ఏకగ్రీవం వాసన వేసిన మాట నిజమే, కానీ పేరు పెట్టెలోకి వెళ్ళి బయటికొచ్చింది. ఆ మరుసటి నెల 25న గోర్బచేవ్ టీవీలో సెలవు చెప్పాడు. ఆఖరి సంతకానికి ఆయన పెన్ను రాయకపోతే, చిత్రీకరణకి వచ్చిన సీఎన్ఎన్ అధిపతి తన పెన్ను అందించాడు.

ఆ తర్వాత ఒకసారి, ఒకే ఒక్కసారి, గోర్బచేవ్ తన పేరు బ్యాలెట్ మీద వేయించుకున్నాడు. 1996 జూన్, రష్యా అధ్యక్ష ఎన్నికలు. ఇంట్లోవాళ్ళు వద్దన్నా వినలేదు. ఓమ్‌స్క్‌లో ప్రచారానికి వెళ్తే ఒకడు వచ్చి కొట్టాడు.

అప్పటికి పెదనాన్నకి కళ్ళలో శుక్లాలు. పేపరు నేనే చదివి పెట్టేవాణ్ణి. యెల్‌త్సిన్‌కీ కమ్యూనిస్టు అభ్యర్థి జుగానోవ్‌కీ ఎంత వచ్చిందో చదివి ఆగాను.

"మనవాడికి?"

"అర శాతం. మూడు లక్షల ఎనభై ఆరు వేలు."

"డిపాజిట్టు?"

"అర శాతానికి డిపాజిట్టెక్కడ పెదనాన్నా."

ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, కొంగులాంటి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. శుక్లాలకి నీళ్ళు కారుతుండేవి. నేను క్రీడల పేజీ తిప్పాను.

"మూడు లక్షల ఎనభై ఆరు వేలమంది కొట్టేయలేదన్నమాట," అన్నాడు.